నాకూ పొయ్యండి నల్లపాకం

"ఇంకా ఎంతసేపండీ?"

మరుగుదొడ్డి తలుపు అవతల ఆడగొంతు. ఇవతల నేను, చేతిలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా.

"తొందరపెడితే అయ్యే పనా ఇది?" అన్నాను.

"తొందర నాకు కాదు. వాటికి."

"వేటికి?"

"మీ కడుపులో ఉన్న బ్యాక్టీరియాకి. గాలి తగిలితే చచ్చిపోతాయి. మీరు కానిచ్చి తలుపు తీస్తే వాటిని పెట్టెలో పెట్టుకుని ల్యాబుకి పరుగెత్తాలి. రోజూ వచ్చే బండి చెడిపోయి నేను రావలసి వచ్చింది."

"బాగుంది. నా కడుపులో ఉన్నవాళ్ళ కోసం కూడా బెంగపెట్టుకునే మనిషి ఉందన్నమాట. మరి నా కోసం?"

"మీ కోసం డాక్టర్లు ఉన్నారుగా. మీరు కూర్చున్నది మాటలకి కాదు, పని చూడండి."

నవ్వొచ్చింది. ఆ ఊళ్ళో అడుగుపెట్టాక అదే మొదటి నవ్వు. నవ్వేసరికి పని కూడా అయిపోయింది.

తలుపు తీస్తే ఎదురుగా ఒక పొట్టి అమ్మాయి. వానలో తడిసి ఎర్రజుట్టు బుగ్గలకి అంటుకుపోయింది. భుజాన మంచుముక్కలు వేసిన చల్లపెట్టె. డబ్బా అందుకుని, గాలి చొరకుండా మూసి, పెట్టెలో పెట్టి, నా మొహమైనా చూడకుండా మెట్లు దిగిపోయింది. వీధి మలుపు దగ్గర మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగి, కిటికీలో ఉన్న నాకు చెయ్యి ఊపింది. ఊపింది నాకో, పెట్టెలో ఉన్నవాటి తరఫునో ఆ రోజు తెలియలేదు.

నా ప్రేమకథ ఇలా మొదలైంది. సిగ్గుపడితే ఇంకోలా చెప్పొచ్చు, కానీ ఇలాగే జరిగింది.

నా పేరు ఎర్లెండ్ హార్కస్. ఆర్క్నీ దీవుల్లో ఉత్తరాన ఉండే వెస్ట్రే అనే చిన్న దీవి మాది. మా కెన్నీతో కలిసి పీతల పడవ నడుపుతాను. వాడు నాకు తమ్ముడి వరస. ముప్పై రెండేళ్ళు నిండకుండానే పెద్దపేగు చివర గడ్డ కనబడింది. క్యాన్సరన్నారు. ఐదు వారాలు రేడియేషన్, దానితోపాటు మాత్రలు. మా దీవుల్లో ఆ మెషీన్ లేదు కనక ఓడెక్కి అవతలి పెద్ద ఊరు ఆబర్డీన్ రావాలి. దీవులవాళ్ళు ఉండటానికి హాస్పిటల్ దగ్గర ఒక వసతి ఇల్లుంది. అక్కడ ఉన్నవాళ్ళలో అందరికంటే చిన్నవాణ్ణి నేనే. మిగతావాళ్ళు నన్ను చూసి నాలుక చప్పరించేవారు. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది.

రాగానే ఒక ప్రయోగంలో చేరమన్నారు. రేడియేషన్ తీసుకునేవాళ్ళలో సగంమందికి రోజూ పీచు పొడి, సగంమందికి చూడటానికి అలాగే ఉండే ఉత్త పొడి. ఎవరికి ఏది వస్తోందో ఎవరికీ చెప్పరు. వారం వారం ఒక డబ్బా ఇవ్వాలి, ఏం తిన్నామో చెప్పాలి. సరేనన్నాను. ఎలాగూ పోయేదేముంది, లోపలున్నది బయటికే కదా.

మా దీవిలో అందరికీ ఇంకో జబ్బు కూడా ఉంది. ఎలా ఉన్నావంటే "పర్వాలేదు" అంటారు. పడవ మునిగినా పర్వాలేదు, కొత్త పడవ కొన్నా పర్వాలేదు. మా నాన్న ఇదే పేగు క్యాన్సర్‌తో పోయాడు. మంచం పట్టేముందు ఆదివారం దాకా "పర్వాలేదు" అంటూ గోడకి సున్నం వేశాడు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు.

నేనూ ఆయన కొడుకునే కదా. నర్సు రోజూ అడిగేది. రోజూ పర్వాలేదనేవాణ్ణి.

* * *

మరుసటి వారం వసతి ఇంటి వంటగదిలో టీ పెట్టుకుంటుంటే ఆ అమ్మాయి ఊడిపడింది. మళ్ళీ వాన, మళ్ళీ తడిసిన జుట్టు. ఆమెని వాన లేకుండా చూడాలంటే ఇంకెన్నాళ్ళు పడుతుందో అనుకున్నాను.

"ఎర్లెండ్ గారూ, మీరు అబద్ధమాడుతున్నారు."

"పేరు కూడా చెప్పకుండా తిట్టేస్తారా?"

"మోర్వెన్. ఇప్పుడు తిట్టొచ్చా? తెల్ల రొట్టె, ఉడికించిన చేప, బంగాళాదుంప తింటున్నానని చెప్పారు. మరి పొట్టు ఎక్కడిది?"

"ఏ పొట్టు?"

"మీ డబ్బాలో పొట్టు! నల్లగా, సన్నగా. సూక్ష్మదర్శినిలోంచి నాకేసి చూస్తోంది. మీ బ్యాక్టీరియా అయితే పెళ్ళి భోజనానికొచ్చినట్టు ఎగబడి పెరుగుతున్నాయి. పొడి వల్ల వచ్చే పెరుగుదల కాదది. ఏం తింటున్నారు?"

ఇంక దాచి లాభం లేదు. పై అర తీసి మా అమ్మ మూట దించాను. మా అమ్మ మైమీ వారం వారం ఓడలో పంపుతుంది. బేర్ అని మా దీవుల్లో పండే పాత రకం బార్లీ. దాని పిండితో పెనం మీద కాల్చిన మందపాటి బానక్ రొట్టెలు. చూడటానికి పేడముద్దలా ఉంటాయి గానీ, వెన్నా, పుల్లటి రూబార్బ్ కాడల జామూ రాస్తే అమృతమే.

మోర్వెన్ ఒకటి విరిచి వాసన చూసింది. వెన్న కూడా రాసుకోకుండా కొరికింది. కళ్ళు మూసుకుంది.

"ఇది దాచుకుని తింటున్నారా? ఒంటరిగా? పాపం తగుల్తుంది."

"మీరు తిట్టడానికొచ్చారా, తినడానికొచ్చారా?"

"రెండూ. మా ప్రొఫెసర్‌కి చెప్పేస్తాను, దాచను. రోజుకెన్ని తిన్నారో నిజం చెబితే చాలు, మిమ్మల్ని తీసెయ్యరు."

"పేగుకి మంటగా ఉన్నప్పుడు పొట్టు తినకూడదంటారుగా? మా నాన్నకి అలాగే చెప్పారు."

"చాలాచోట్ల ఇప్పటికీ అదే చెబుతారు. పొట్టు గీరుకుంటుందని భయం. మాకు అనుమానం ఏమిటంటే, అసలు సంగతి దానికి తలకిందులేమోనని." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "పీచు మనకి అరగదు. బ్యాక్టీరియాకి అదే అన్నం. అది తిని అవి ఒక ఆమ్లం తయారుచేస్తాయి. పేగు గోడ బతికేది దానితోనే. దానివల్ల గడ్డ మీద రేడియేషన్ ఇంకా బాగా పనిచేస్తుందేమో కూడా. ఏమో. ఆ 'ఏమో' కోసమే మీ డబ్బాలు మోస్తున్నాను."

"అన్నం పెట్టకపోతే?"

"ఊరుకుంటాయా? పేగు గోడకి రక్షణగా జిగురు పొర ఒకటుంటుంది. దాన్నే కొరుక్కుతింటాయి. ఆకలేస్తే ఉన్న ఇంటినే తినేస్తాయి."

ఇంత చెప్పి సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసింది. అందులో రోవీ. పందికొవ్వు, తెల్లపిండి, ఉప్పు కలిపి కాల్చే బల్లపరుపు రొట్టె, ఆబర్డీన్ వైపు వాళ్ళకి ప్రాణం.

"పీచు గురించి పాఠం చెప్పిన నోటితో అదా తినేది?"

"మాది పీటర్‌హెడ్. మా తాత ముత్తాతలు దీన్ని తినే సముద్రంలోకి వెళ్ళారు. ల్యాబులో చెప్పారంటే చంపేస్తాను."

ఆ రోజు నుంచి బండి బాగుపడ్డా డబ్బా కోసం ఆమే వచ్చేది. బల్ల మీద బానక్‌లో సగం ఆమెది, రోవీలో సగం నాది. నా పేగు మొత్తం ఒక గాజు సీసాలో తన బల్ల మీద ఉందని చెప్పేది. గాలి లేకుండా, ఒంటివేడికి సరిపడా వెచ్చగా పెట్టి, రోజూ మేత వేస్తుందట.

"మాట్లాడతారా వాటితో?"

"తిడతాను. మీమీద కోపమొచ్చినప్పుడు."

"మంచి మాట ఒక్కటీ చెప్పరా?"

"పడుకోబోయేముందు చెబుతాను. అది మీకు చెప్పను."

చూపు తిప్పుకుని టీ కలిపింది. పంచదార వేసుకోని మనిషి అంతసేపు టీ ఏం కలిపిందో నాకు అర్థం కాలేదు.

* * *

నాలుగో వారంలో దిగింది అసలు నరకం.

తిన్నది నిలవటం లేదు. కూర్చుంటే నిప్పు, నిలబడితే నీరసం. రక్తం పడటం మొదలైంది. మెషీన్ కింద బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తుంటే మా నాన్న సున్నం వేసిన గోడే కనబడేది. ఆయనకి యాభై దాటాకే వచ్చింది. నాకు అంతవరకూ కూడా ఆగలేదు.

"ఎలా ఉంది?" అంది నర్సు.

"పర్వాలేదు."

అమ్మ పంపిన మూట విప్పకుండా రేవుకి తీసుకెళ్ళి బానక్‌లన్నీ సీగల్ పక్షులకి విసిరేశాను. ఎలాగూ పోయేవాడికి పొట్టు నమిలే బాధ ఎందుకు? అవి అరుచుకుంటూ కొట్టుకు చస్తుంటే చూస్తూ నిలబడ్డాను. మా అమ్మ పొద్దున్నే లేచి కాల్చి పంపిన రొట్టెలు అవి.

ఆ వారం మోర్వెన్ వచ్చి డబ్బా తీసుకుని వెళ్ళింది. టీ కూడా తాగకపోతే ఏదో పనుందేమో అనుకున్నాను. గంట తిరక్కుండా నర్సునీ డాక్టర్నీ వెంటేసుకుని తిరిగొచ్చింది. నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వార్డుకి తోసేశారు. చేతికి సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీళ్ళు లేవు, రక్తం తగ్గిపోయింది, కొన్నాళ్ళు మెషీన్ ఆపాలన్నారు.

అందరూ వెళ్ళాక ఆమె మంచం దగ్గర నిలబడింది. నాకు పట్టలేని కోపం.

"నా కడుపులో మాట అందరికీ చాటేశావా?"

అంతవరకూ ఒకరినొకరు 'మీరు' అని పిలుచుకునేవాళ్ళం. ఆ మర్యాద ఆ క్షణాన పోయింది.

"కడుపులో ఉన్నది మాట కాదు, రక్తం."

"నేను పర్వాలేదన్నానుగా!"

"ఆ మాట ఇంకోసారి అన్నావో, ఈ డబ్బా నీ నెత్తిన బోర్లిస్తాను! నీ నోరు అబద్ధం చెప్పింది. డబ్బా నిజం చెప్పింది. పొట్టు లేదు అందులో, ఒక్క ముక్క కూడా. బానక్‌లు ఏంచేశావు?"

"పక్షులకి వేశాను."

"ఎందుకు?"

"పోయేవాణ్ణి కనక."

కిటికీ అద్దం మీద వాన దరువేస్తోంది. ఏడిస్తే ఆమెకి ముందు ముక్కు ఎర్రబడుతుంది. అదీ అప్పుడే తెలిసింది.

"నువ్వు పోతే నాకు నష్టం," అంది చివరికి.

"ప్రయోగంలో ఒకడు తగ్గుతాడనా?"

"గాడిదా!" అంది.

అంత తియ్యగా నన్నెవరూ తిట్టలేదు. తిట్టి, నా సెలైన్ లేని చెయ్యి పట్టుకుని, వార్డు బెల్లు మోగేదాకా కూర్చుంది. తగ్గాక ముందు పల్చటి ఓట్స్ జావ, ఆ తర్వాత చిన్న చిన్న ముక్కలుగా బానక్, అదీ డాక్టరు సరేనంటేనే అని చెప్పి మరీ లేచింది. ఆగిన మెషీన్ మళ్ళీ మొదలైంది. ఆఖరి రోజుదాకా బల్ల మీద కదలకుండా పడుకున్నాను.

* * *

ఇంటికి బయల్దేరిన సాయంత్రం రేవు అంతా సముద్రపు మంచు. ఓడ ఎక్కడుందో కూడా కనబడటం లేదు. ఆ తెల్లదనంలోంచి చల్లపెట్టె భుజాన వేసుకుని మోర్వెన్ వచ్చింది.

"ఆఖరి డబ్బా పొద్దున్నే ఇచ్చేశానుగా?"

"డబ్బా కోసం రాలేదు."

"మరి పెట్టె?"

ఆమె పెట్టె చూసుకుంది. "అలవాటు," అని, వెంటనే, "నువ్వంటే నాకిష్టం. చెప్పకుండా ఓడెక్కనిస్తే రేపటినుంచి ఆ గాజు సీసా మొహం చూడలేను," అంది.

ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎయ్యలేదు.

"స్కాన్ ఇంకా చాలా దూరం ఉంది మోర్వెన్. గడ్డ కరగలేదంటే కోస్తారు. కోస్తే జన్మంతా పొట్టమీద సంచి. కోసినా బతుకుతానని ఎవరూ చెప్పటంలేదు. నిన్ను నా సమాధి దగ్గర నల్లబట్టల్లో నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. వెళ్ళిపో."

"నేనడిగింది నీకిష్టమా కాదా అని."

"అది అడగలేదు నువ్వు."

"ఇప్పుడు అడుగుతున్నాను!"

ఓడ కూత వేసింది. "ఇష్టం," అని మెట్లెక్కేశాను. వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోయేవాణ్ణి.

"స్కాన్‌కి వస్తావుగా, అప్పుడు చెప్తా నీ పని!" అని మంచులోంచి అరిచింది. పక్కనున్న గొర్రెల వ్యాపారి ఆమెకేసీ నాకేసీ చూసి, "అప్పున్నావా బాబూ?" అన్నాడు.

ఆమె అన్నంత పనీ చేసింది. రెండు నెలలకి పైగా గడిచాక, జూన్ మొదట్లో స్కాన్ ఫలితం చెప్పే గదిలో నా పక్కన కూర్చుంది. డాక్టరు మెల్లగా చెప్పాడు. గడ్డ సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు. కొయ్యాలి. సంచి తప్పదు. కాలేయంలో ఒక చిన్న మచ్చ కనబడుతోంది, అదేమిటో కోసినప్పుడే తేలుతుంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం.

"సగం తగ్గింది పీచు వల్లేనా?" అన్నాను. అవునంటుందని ఆశ.

"తెలీదు. నీ ఒక్కడితో తేలదు. వందలమంది డబ్బాలు కావాలి. నీకు అబద్ధం చెప్పను ఎర్లెండ్, ఎప్పటికీ."

"ఆ మచ్చ?"

"తెలీదు."

"సంచి కట్టుకున్నవాడిని..."

"ఆపు. నీ మొహం కంటే ముందు నీ డబ్బా చూశాను నేను. నీ లోపలున్నది మీ అమ్మకంటే నాకే బాగా తెలుసు. సంచి చూసి జడుసుకునే మనిషిలా ఉన్నానా? ఆపరేషన్‌కి ముందే పెళ్ళి చేసుకుందాం. లోపలికెళ్ళే తలుపు దగ్గర 'ఈయన భార్య ఎవరు' అంటే నేను లేచి నిలబడాలి."

ఎండ కాసింది ఆ రోజు. ఆరిన జుట్టుతో ఆమెని చూడటం అదే మొదటిసారి. రాగి రంగు.

* * *

పెళ్ళి వెస్ట్రేలో, శనివారం. ఆ పై వారమే ఆపరేషన్.

మా దగ్గర పెళ్ళికి ముందు నల్లపూత ఉంటుంది. స్నేహితులు మాటువేసి పెళ్ళికొడుకుని పట్టుకుంటారు. బకెట్లకొద్దీ నల్లపాకం, అంటే జిగట చెరకు మడ్డి, పోసి, పిండీ ఈకలూ చల్లి, ట్రక్కు వెనక కట్టేసి, డబ్బాలు వాయించుకుంటూ దీవంతా తిప్పుతారు. దొరికితే పెళ్ళికూతుర్నీ వదలరు. కెన్నీ పెళ్ళికి వాణ్ణి రేవు కమ్మీకి కట్టేసి మొదటి బకెట్ పోసింది నేనే. వాడి చెవుల్లోంచి పాకం నెల్లాళ్ళు కారింది. "నీ రోజు రానీరా, చూస్తా," అని అప్పుడే పళ్ళు నూరాడు.

పెళ్ళివారం మొదలైన దగ్గర్నుంచీ చిరిగిన ప్యాంటూ పాత స్వెట్టరూ వేసుకుని కూర్చున్నాను. పట్టుకెళ్తే మంచి బట్టలు పాడవకూడదు కదా. జూన్ నెలలో మా దగ్గర పొద్దు ఒక పట్టాన గూకదు. ట్రక్కు చప్పుడైతే చాలు, గుండె గంతేసేది. ట్రక్కులు వచ్చేవి. మా ఇంటి ముందు నెమ్మదిగా, చావింటి ముందు పోయినట్టు పోయేవి.

కెన్నీ వచ్చాడు. చేతిలో బకెట్ కాదు, సూప్ గిన్నె. మెల్లగా బల్ల మీద పెట్టి, "రెస్ట్ తీసుకోరా," అన్నాడు. కెన్నీ అంత మెల్లగా మాట్లాడటం వాళ్ళ నాన్న పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఇదే.

సూప్ గిన్నె మూత తియ్యలేదు. రేడియేషన్ కాల్చింది, ఓర్చుకున్నాను. ఇది ఓర్చుకోలేకపోయాను. దీవి మొత్తం నా లెక్క తేల్చేసింది.

గురువారం ఓడలో మోర్వెన్ దిగింది. వాకిట్లోనే నా చిరుగుల ప్యాంటు చూసి ఆగిపోయింది. వాళ్ళ పీటర్‌హెడ్ వైపూ ఈ ఆచారం ఉంది. విప్పి చెప్పక్కర్లేదు.

"ఇంకా రాలేదా ఎవరూ?"

"రాలేదు. పర్వా..." సగంలో ఆపేశాను. ఆమె కళ్ళు చూసి.

సంచి నా చేతిలో పడేసి కెన్నీ ఇంటికేసి నడిచింది. తిరిగొచ్చేసరికి మొహం జేవురించి ఉంది. నన్ను దాటుకుని నేరుగా వంటింట్లోకి పోయింది. అమ్మ పెనం మీద బానక్ కాలుస్తోంది. నేను గుమ్మం ఇవతల ఉన్నాను.

"మైమీ గారూ, మీరే వద్దన్నారట?"

"అన్నాను," అంది అమ్మ, వెనక్కి తిరక్కుండా. "వాడి ఒంట్లో ఏముందని? చలీ తడీ తగిలి జ్వరమొస్తే ఆపరేషన్ ఆగిపోతుంది. కెన్నీని పిలిచి, మావాడి జోలికొస్తే కాళ్ళు విరగ్గొడతానన్నాను. అసలీ పెళ్ళికే తొందరేమొచ్చిందో నాకర్థం కాదు. నేనొకణ్ణి పాతిపెట్టాను అమ్మాయ్. నీకు తెలీదు."

"వీణ్ణీ పాతిపెడుతున్నారు. ప్రాణముండగానే."

పెనం మీదనుంచి మాడు వాసన. మా అమ్మ చేతిలో రొట్టె మాడటం నేను పుట్టి ఎరగను.

లోపలికెళ్ళాను.

"అమ్మా, నాకూ పొయ్యమను."

"ఏంటి నాన్నా?"

"నల్లపాకం. కెన్నీకి పోశాం, అందరికీ పోశాం. నాకూ పొయ్యమను." పొయ్యి దగ్గరికి ఇంకో అడుగు వేశాను. "నేను బాగాలేనమ్మా. భయమేస్తోంది. ఆ మచ్చ తలుచుకుంటే చెమటలు పడుతున్నాయి. నాన్నలా పర్వాలేదనలేను. శనివారంలోపు నన్నెవరూ కట్టెయ్యకపోతే, మీరందరూ నన్ను అప్పుడే పంపించేశారనుకుంటాను. ఆ కత్తి కిందకి చచ్చినవాడిలా వెళ్ళలేను."

అమ్మ నాకేసి చూసింది. మోర్వెన్‌కేసి చూసింది. మాడిన రొట్టె తీసి పొయ్యిలో పడేసింది. కొట్టుగదిలోకెళ్ళి బేర్ పిండి బస్తా చంకనేసుకుని బయటికి పోయింది.

"తప్పుగా మాట్లాడానా?" అంది మోర్వెన్, బెదురుగా. ఆమె బెదరగలదని అప్పుడే తెలిసింది.

"ఏమో," అన్నాను.

* * *

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం రేవులో పీతల బుట్టలు చూస్తున్నాం. వెనకనుంచి హారన్. తిరిగేలోపు నలుగురు మీద పడ్డారు.

"పట్టుకోండ్రా! చెవులు ముందు నాకు కావాలి!" కెన్నీ గొంతు. పాత గొంతు, దీవి అంచుదాకా వినబడేది.

"మెల్లగారా, పొట్ట మీద చెయ్యెయ్యకండి!" అని ఎవరో.

"నోర్ముయ్‌రా, వాడు గాజుబొమ్మా?" అని ఇంకెవరో.

"నన్నెందుకు? నేను ఊరికే చూడ్డానికి..." అని మోర్వెన్ అరుస్తోంది. ఇద్దరు ఆడపిల్లలు ఆమెని ఎత్తి ట్రక్కులో నా పక్కన కూలేశారు. నడుముల చుట్టూ ప్లాస్టిక్ చుట్టి కలిపి కట్టేశారు.

మొదటి బకెట్ ఎత్తాడు కెన్నీ. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నల్లపాకం ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు. మంచులా వీపులోకి దిగి ఊపిరాడనివ్వదు.

నెత్తిన పడింది. గోరువెచ్చగా ఉంది.

కళ్ళు తెరిచాను. ట్రక్కు పక్కనే మా అమ్మ. చేతులకి మసి, గౌనంతా పాకం. వెనకాల చేపలు ఉడికించే పెద్ద గంగాళం, దాని కింద మంట. పొద్దున్నుంచీ రేవు వెనక కూర్చుని ఇరవై బకెట్ల పాకం వెచ్చబెట్టిందట. "వేడి చల్లారకముందే పొయ్యండి, చల్లగా పోశారంటే ఊరుకోను," అని ఒక్కొక్కడికీ చెప్పిందట.

అమ్మ పిండి బస్తా విప్పింది. దోసిలి నిండా బేర్ పిండి తీసి నా నెత్తిన పోసింది. ఇంకో దోసిలి మోర్వెన్ నెత్తిన. రాగి జుట్టంతా బూడిదరంగైపోయింది. ఆ చేతులు అక్కడే ఒక్క క్షణం ఆగాయి, ఇద్దరి తలల మీదా.

తర్వాత ఈకలు. తర్వాత ట్రక్కు కదిలింది. వెనక డబ్బాలు, మూతలు, పడవ గంట. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి ఈలలేశారు. నాలుగు నెలలుగా నన్ను చూసి గొంతు తగ్గించిన మనుషులు వేలెత్తి చూపించి పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఏడ్చాను కూడా, పాకంలో ఎవరికీ తెలియలేదు.

"ఏడుస్తున్నావు," అంది మోర్వెన్ చెవిలో.

"నీకెలా తెలుసు?"

"నీ పొట్ట నా పొట్టకి కట్టారుగా. అది నాకెప్పుడూ అబద్ధం చెప్పదు."

దీవి చుట్టి రేవుకొచ్చి ట్రక్కు ఆగింది. గాలి మొదలైంది. పాకం చల్లారి బిగుసుకుపోతోంది. అమ్మ దగ్గరికొచ్చి నా బుగ్గమీద ఈక పీకింది.

"ఎలా ఉంది నాన్నా?"

నోటి చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను.

"చచ్చేంత చలేస్తోందే అమ్మా! కళ్ళలోకి పాకం పోయింది. నడుం విరిగిపోతోంది. ఒంటికి వెళ్ళాలి. విప్పమను!"

"నాకూ చలేస్తోంది అత్తా!" అంది మోర్వెన్. ఆ పిలుపు అదే మొదటిసారి.

మా అమ్మ మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసింది. నాన్న పోయాక నేను చూడని నవ్వొకటి ఆమె మొహమంతా పాకింది.

"విప్పకురా కెన్నీ," అంది. "కొడుకునీ కోడల్నీ ఇంకో చుట్టు తిప్పు."